మాటు వేసిన డబ్బా

నేను వేసిన మాటు ఎవరు కోశారో గాని, చేతకానివాళ్ళు కోశారు.

స్టూడియో తలుపు తియ్యగానే నా కళ్ళు దాని మీదే పడ్డాయి. బల్ల మీద రేకు డబ్బా. పై రేకు లేచిపోయి, అంచులన్నీ కుక్క కొరికినట్టున్నాయి. రేకు కత్తెరతో కోసింది కాదు. బట్టల కత్తెరో, కూరగాయల కత్తో. లోపల ఖాళీ.

తమ్ముడు చలికాలంలో పోయాడు. ఎండలు ముదరకముందే వాడి స్టూడియో దుమ్ము దులుపుదామని వెళ్ళాను. ఆ డబ్బా చూశాక దుమ్ము అక్కడే ఉండిపోయింది.

అది నేను రేకులు తగరంతో అతికి, మాటు వేసి చేసిన డబ్బా. మూత లేదు, తాళం లేదు. పైన ఫిల్ము ముక్క పట్టేంత సన్నటి చీలిక, అంతే. వేసేవాడు వెయ్యగలడు, తీసేవాడు తియ్యలేడు. తియ్యాలంటే నేను రావాలి, కుంపటి రగిలించాలి, కడ్డీ కాల్చాలి, మాటు కరిగించాలి. వాడే అలా చెయ్యమన్నాడు. ఫొటోలో పడినవాళ్ళు ఎవరైనా వచ్చి "ఇది ఎవరికీ చూపించొద్దు" అంటే, ఆ ఒక్క నెగటివ్‌ని రీల్లోంచి కత్తిరించి అందులో వేసేవాడు.

"కాల్చి పారెయ్యొచ్చుగా," అన్నాను ఒకసారి.

"కాల్చడానికి అది నాది కాదుగా," అన్నాడు.

వాళ్ళొచ్చి అడిగితే ఇచ్చెయ్యడానికి దాచాడు. కొందరొచ్చారు. నేను మాటు విప్పాను, వాళ్ళది వాళ్ళు పట్టుకెళ్ళారు, మళ్ళీ మాటు వేశాను. రానివాళ్ళవి అందులోనే ఉండిపోయాయి.

కోసిన డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మాయి ఫ్యాను కింద కూర్చుని పిల్లల బొమ్మలు దిద్దుతోంది. బళ్ళో బొమ్మలెయ్యడం నేర్పుతుంది. అది దానికి వాళ్ళ బాబాయి అంటించిన పిచ్చే.

"ఎవరు కోశారు?"

"నేనే నాన్నా. నేనూ, కళాయనా. నువ్వు ఊళ్ళో లేవు. నీకు చెబుదామనే..."

కళాయన అంటే పుస్తకాలు వేసే పెద్దమనిషి. రెండు మాటలకొకసారి కళ అంటాడని మా ఆవిడ పెట్టిన పేరు. తమ్ముడి ఫొటోలన్నీ కలిపి పెద్ద పుస్తకం వేస్తానని, హాల్లో పెట్టి జనానికి చూపిస్తానని అమ్మాయి చుట్టూ తిరుగుతున్నాడు. "నువ్వు గిన్నెలకి కళాయి వేస్తావు, ఆయన మనుషులకి వేస్తాడు," అంది మా ఆవిడ అతన్ని మొదటిసారి చూసినప్పుడే. దాని నోరు అలాంటిది. నాకు అదీ లేదు. వీధిలో నన్ను తాళంకప్ప అంటారు. మూడో తరగతితో నా చదువు అయిపోయింది, మాటలు అంతకుముందే అయిపోయినట్టున్నాయి అంటుంది మా ఆవిడే.

---

కళాయన ఆదివారం వచ్చాడు. నున్నటి కాగితం మీద అచ్చేసిన నమూనా పుస్తకం బల్ల మీద పరిచి, పక్కనే సంతకానికి కాగితం పెట్టాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు కాబట్టి తమ్ముడి ఫొటోల మీద హక్కు నాదేనట. కాపీరైటు. ఆ మాట అతను పంటి కింద లడ్డూలా నమిలాడు.

మొదట్లో ఫ్యాక్టరీ ఫొటోలు. ముప్పై ఏళ్ళ కిందట బాయిలరు పగిలినప్పుడు తీసినవి. బయట గొలుసుతో బిగించిన గేటు, లోపలినుంచి చువ్వలు పట్టుకున్న చేతులు. గేటు తెరిచే ఉందని యజమానులు బొంకితే, తమ్ముడు ఈ ఫొటోలు తనే కడిగి పనివాళ్ళకిచ్చాడు. గోడలన్నిటికీ అంటించారు.

"ఇవి వెయ్యి," అన్నాను.

కళాయన మొహం వెలిగింది. "అసలైనవి ముందున్నాయండీ. డబ్బాలో దొరికినవి. మీ తమ్ముడుగారు ఎంత దూరం ఆలోచించారో చూడండి! మూత లేదు, తాళం లేదు. అంటే ఏమిటి? ఇప్పటివాళ్ళకి కాదు, ముందు తరాలకి అని. ఎంత భద్రంగా దాచారంటే, అవే ఆయన ప్రాణం అన్నమాట. కళాకారుడండీ!"

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పేజీలు తిప్పాడు. ఒక్కొక్కటీ చూశాను. వాళ్ళంతా "వద్దు" అన్నవాళ్ళు. ఏరి ఏరి, వద్దన్నవాళ్ళనే అచ్చు వేశాడు.

చివర అట్ట తీసి చూపించాడు. ఫ్యాక్టరీ గేటు ముందు జనం. నెత్తి కొట్టుకుంటున్న ఆడవాళ్ళు, కింద పడిపోయిన ఒక ముసలామె. వాళ్ళ మధ్య నిలబడి ఒకావిడ. జుట్టుముడి ఊడి ఉంది. ఎటో చూస్తోంది. నవ్వుతోంది. చిన్న నవ్వు కాదు. నెత్తిమీద మూట ఎవరో దించినట్టు నోరంతా విచ్చుకున్న నవ్వు. దాన్ని మూసుకుందామని ఒక చెయ్యి పైకి లేచింది, నోటిదాకా చేరలేదు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంకర.

కింద పెద్దక్షరాలతో "ఆశ" అని ఉంది.

"మొగుడు ప్రాణాలతో బయటికొస్తుంటే చూసి ఉంటుందండీ. అంత చీకట్లో ఒక్క దీపం!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ మొగుడు బయటికొచ్చిన మాట నిజమే. నలుగురు మోసుకొచ్చారు, గుడ్డ కప్పి.

"సంతకం పెట్టను," అన్నాను.

"ఎందుకండీ?"

"పెట్టను."

బాయిలరు పగిలిన మర్నాడే ఆవిడ స్టూడియోకి వచ్చింది. నేను అక్కడ చూరు రేకు బాగుచేస్తున్నాను. ఆవిడ చంకలో పిల్లాడు. "అన్నయ్యా, నిన్న నువ్వు తీశావు కదా. తీస్తుండగా నేను చూశాను," అంది తమ్ముడితో.

"తీశానమ్మా."

"అప్పుడు నేనెలా ఉన్నానో నాకు తెలుసు. వీడు పెద్దయ్యాక అది చూడకూడదు."

"చూడడు," అన్నాడు తమ్ముడు.

నవ్వు అన్న మాట ఇద్దరూ అనలేదు. ఆవిడ వెళ్ళాక వాడు నా వైపు తిరిగి, "అన్నయ్యా, నాకో డబ్బా చెయ్యి," అన్నాడు. అందులో పడ్డ మొదటి నెగటివ్ అదే.

---

కళాయన వెళ్ళగానే అమ్మాయి నా మీద పడింది.

"బాబాయికి ఏం మిగిలింది నాన్నా? బతికినన్నాళ్ళూ 'గడ్డం ఎత్తండి, కళ్ళు ఆర్పకండి' అంటూ గడిపాడు. పోయాక ఒకడొచ్చి 'ఈయన గొప్పవాడు' అంటుంటే నువ్వు అడ్డం పడతావా?"

"వాడు మాటిచ్చాడు."

"ఎవరికి?"

నేను కోసిన డబ్బా చేతిలోకి తీసుకున్నాను.

"చెప్పవు. నీకు చెప్పడం రాదు. అడ్డం పడడం మాత్రం వచ్చు. సొంత తమ్ముడి పేరు పైకొస్తుంటే ఓర్వలేవు!"

ఆ మాట అన్నాక దానికే భయమేసింది. నేను రేకు ముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాను. చెబితే వాడిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే నేను ముసలి మొండివాణ్ణి, ఓర్వలేనివాణ్ణి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజునుంచి మా అమ్మాయి నాకు అన్నం పెట్టింది గాని, తిన్నావా అని అడగలేదు.

సంతకం ఎలాగూ పెడతానన్న ధీమా కళాయనది. నాకు చెప్పకుండా ఊరంతా పోస్టర్లు అంటించాడు. బస్టాపు దగ్గర గోడ మీద నేను చూసేసరికే ఒకడు దాని ముందు నిలబడి ఉన్నాడు. పిండిమర కుర్రాడు. కుర్రాడంటే ముప్పై దాటినవాడు, కనుబొమల మీద పిండితో.

"మామయ్యా! చూశావా? మా అమ్మ!"

పోస్టరు మీద మొహం ఒక్కటే పెద్దది చేసి వేశారు. గేటు లేదు, ఏడ్చేవాళ్ళు లేరు, చెయ్యి లేదు. ఒక్క నవ్వు.

"అమ్మ ఇలా పళ్ళు కనబడేలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు మామయ్యా. ఇంత అందంగా ఉండేదా? ఎప్పుడు తీశాడు చిన్నమామయ్య?"

"ఏదో పెళ్ళిలో," అన్నాను.

"ఎవరి పెళ్ళి?"

"గుర్తులేదు."

వాడు జాగ్రత్తగా, పసిపిల్ల చొక్కా విప్పినట్టు, గోడ మీంచి పోస్టరు ఊడదీశాడు. "పుస్తకం వస్తుందటగా, అందులో ఇంకా ఉంటాయా అమ్మవి?" అన్నాడు. నేను వాడి వెంట పిండిమరకి వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా?

లోపల గోడకి వాళ్ళ నాన్న ఫొటో ఉంది. ఫ్యాక్టరీ కార్డు మీది బొమ్మని తమ్ముడే పెద్దది చేసి ఇచ్చాడు. దాని పక్కనే వాడు పోస్టరు అంటించాడు. "ఇప్పుడు బాగుంది. ఇద్దరూ పక్కపక్కన," అన్నాడు.

వాళ్ళమ్మ, వరసకి మా చెల్లెమ్మ, మర దగ్గర గోధుమలు పోస్తోంది. తలెత్తింది. మర హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఆ వంకర చెయ్యి, పిండితో తెల్లగా, నోటిదాకా వెళ్ళింది. ముప్పై ఏళ్ళు ఆలస్యంగా.

కొడుకు బస్తా భుజానికెత్తుకుని వెళ్ళాక మర ఆపేసింది.

"పెద్దన్నయ్యా, మిగతాది కూడా ఉందా ఎక్కడైనా? వెనకాల జనంతో సహా?"

"ఉంది."

"వస్తుందా?"

"రానివ్వను."

"మాటేనా?"

"వాడి మాటే."

ఆవిడ మళ్ళీ మర వేసింది. నెత్తి మీద ఆవిడ నవ్వే ఆవిణ్ణి చూస్తుంటే, కింద కూర్చుని పిండి పట్టింది. ఆ రోజు ఎవడైనా కనబడితే చితక్కొట్టేవాణ్ణి. ఎవడూ కనబడలేదు. ఇంటికెళ్ళి ఒక మంచి బకెట్టు మీద సుత్తెతో నా కసి తీర్చుకున్నాను. అది ఎవరో బాగుచెయ్యమని ఇచ్చిన బకెట్టు.

---

తర్వాత వారంలో అమ్మాయి పిండి పట్టించుకురావడానికి వెళ్ళింది. గోడ మీద పక్కపక్కనున్న ఆ బొమ్మలు చూసినట్టుంది, పిండి లేకుండా తిరిగొచ్చింది. నేను పని చేసుకునే చోటికి వచ్చి రేకు ముక్కల మధ్య కింద కూర్చుంది.

"నాన్నా, అత్త వాళ్ళాయన ఆ బాయిలరు పగిలినప్పుడే కదా పోయింది?"

"ఊఁ."

"బతికి బయటికి రాలేదు."

"లేదు."

కాసేపు గోరుతో నేల గీసింది.

"అత్తకి చిన్నప్పుడు చెయ్యి విరిగిందంటారు."

"చిన్నప్పుడు కాదు."

నేను చెప్పింది అంతే. అమ్మాయి లేచి లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చింది. కోసిన డబ్బా తీసుకుని, పటకారుతో ఆ రంపపు అంచులు ఒక్కొక్కటే లోపలికి వంచడం మొదలుపెట్టింది. ఒకచోట వేలు కోసుకుంది. చప్పరించుకుని మళ్ళీ వంచింది. నేను వద్దనలేదు.

మర్నాడు ఒంటరిగా కళాయన దగ్గరికి వెళ్ళింది. వచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది.

"చెప్పేశాను నాన్నా. ఆ నవ్వు ఏమిటో చెప్పేశాను. సిగ్గుపడతాడనుకున్నాను."

"పడ్డాడా?"

"'ఇదండీ! ఇదీ అసలు కథ!' అని కుర్చీలోంచి లేచాడు. 'ఆశ' తీసేసి 'విడుదల' అని పెడతాడట. అత్తని వేదికెక్కించి మాట్లాడిస్తాడట."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "దొంగ చేతికి తాళం ఇచ్చొచ్చావే తల్లీ," అంది. అమ్మాయి ఏడవలేదు. చెప్పులు మళ్ళీ కాళ్ళకి తొడుక్కుంది.

"నాన్నా, పద."

---

అతని ఆఫీసు చల్లగా ఉంది. తెల్లటి గోడలు, మధ్యమధ్య ఒక్కొక్క బొమ్మ. నా తమ్ముడి స్టూడియోలో గోడ కనబడకుండా ఉండేవి జనం మొహాలు.

"కూర్చోండి, కూర్చోండి. చల్లగా ఏమైనా?"

"ఆ డబ్బాలోవన్నీ ఇచ్చెయ్యి."

"ఆవేశపడకండి. మీకు తెలియని విషయం చెప్తాను. చట్టం ప్రకారం ఫొటో తీసినవాడిది హక్కు. ఆయన పోయాక వారసుడిది, అంటే మీది. ఫొటోలో ఉన్నావిడకి అందులో వాటా లేదు. ఆవిణ్ణి అడగాల్సిన పని నాకు లేదండీ. మీరు ఊఁ అంటే చాలు."

"మొహం ఎవరిది?"

"ఆవిడదే, కాని..."

"నవ్వు ఎవరిది? విరిగిన చెయ్యి ఎవరిది? మాట నా తమ్ముడిది. మరి హక్కు నాదెలా అయింది?"

"చట్టం అంతేనండీ."

"అయితే మీ చట్టం ఈ ఒక్కసారికి పనికొచ్చింది. నేను ఊఁ అనను."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, నేను దొంగని కాను. అలా దెబ్బలు తిన్న ఆడవాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళు ఆ మొహం చూస్తే ధైర్యం తెచ్చుకుంటారు. కళ అందరిదీ. ఒక్కరి సిగ్గు కోసం దాన్ని పాతెయ్యడం పాపం కాదా?"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

"మీ అమ్మగారు ఎప్పుడైనా ఏడ్చిందా?"

"ఏడవని అమ్మ ఉంటుందాండీ?"

"ఆ ఫొటో ఉంటే, అట్ట మీద వేస్తావా?"

"అది... అది వేరే సంగతి."

"అదే సంగతి."

నా జన్మలో ఒకే చోట అన్ని మాటలు మాట్లాడింది లేదు. గొంతు ఎండిపోయింది. అతను ఇస్తానన్న చల్లటిది మాత్రం తాగలేదు.

గేటు ఫొటోలు వేసుకోమన్నాను. ఆ గొలుసు, ఆ చేతులు లోకమంతా చూడాలి, దానికి ఇప్పుడే సంతకం పెడతానన్నాను. తల అడ్డంగా ఊపాడు. అట్ట లేకుండా ఆ పుస్తకం ఎవరూ కొనరట. చచ్చినవాళ్ళ చేతులు చాలవు, బతికున్నదాని నవ్వు కావాలి.

నెగటివ్‌లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "కంప్యూటర్లో ఉన్నవి?" అంది అమ్మాయి. "నా ఎదురుగా తుడిచెయ్యండి." తుడిచాడు. తుడిచాడో, తుడిచినట్టు చూపించాడో. రేకైతే నాకు తెలిసేది.

మేము గుమ్మం దాటుతుంటే మెత్తగా అన్నాడు. "మీరున్నంతవరకే కదండీ ఇదంతా."

అమ్మాయి వెనక్కి తిరిగింది. "ఆయన తర్వాత నేనున్నాను," అంది.

బయట రోడ్డు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. "తిన్నావా నాన్నా?" అని అడిగింది.

---

చెల్లెమ్మ నెగటివ్ పట్టుకుని పిండిమర గుమ్మంలో వెలుతురుకి ఎత్తి చూసింది. చూసి చూసి నవ్వింది, పెదాలు మూసుకునే.

"ఇందులో నా జుట్టు తెల్లగా ఉంది, పళ్ళు నల్లగా ఉన్నాయి. ఇప్పుడెలా ఉన్నానో అప్పుడే తీసేశాడు కదా పెద్దన్నయ్యా!"

కొడుకు దూరంగా బస్తాలు కుడుతున్నాడు. ఆవిడ గొంతు తగ్గించింది.

"వీడు అడిగాడు. పెళ్ళిలో ఎవర్ని చూసి నవ్వావమ్మా అని."

"ఏమన్నావు?"

"మీ నాన్నని చూసే రా, అన్నాను. ఎంత మురిసిపోయాడో."

నేను గోడ వైపు చూశాను. ఆ మొగుడు, ఈ నవ్వు. పక్కపక్కన.

"ఆ బొమ్మ దించనంటున్నాడు. ఉండనీలే, అలవాటైపోతుంది. ఇదొక్కటీ..." అని చేతిలోది చూపించింది. "చిన్నన్నయ్య ఎందుకు కాల్చలేదు ఇన్నాళ్ళూ?"

"నీది కాబట్టి."

"నీ కుంపటి రగిలి ఉందా?"

మా ఇంటికొచ్చింది. కుంపటి ముందు కూర్చుని ఇంకోసారి వెలుతురుకి ఎత్తింది. "బాగానే ఉన్నానే," అంది తనలో తను. తర్వాత తన చేత్తో, ఆ వంకర చేత్తోనే, నిప్పుల్లో వేసింది. ముడుచుకుని, బుడగలెక్కి, పోయింది. కంపు కొట్టింది. అమ్మాయి కిటికీ తెరిచింది.

"ఆ డబ్బాకి పై రేకు వెయ్యి పెద్దన్నయ్యా. అలా నోరు తెరుచుకుని ఉంటే ఎవరైనా చెయ్యి పెట్టి కోసుకుంటారు," అంది వెళుతూ. వెయ్యక ముందు నేనూ అమ్మాయీ ఇల్లిల్లూ తిరిగి, ఉన్నవాళ్ళవి వాళ్ళకిచ్చాం. లేనివాళ్ళవి మళ్ళీ లోపల వేశాం. ఈసారి రేకు అమ్మాయి పట్టుకుంటే నేను మాటు వేశాను.

కళాయన ఊరుకోలేదు. చదువులేని ముసలాడొకడు ఒక మహాకళాకారుణ్ణి రెండోసారి పాతిపెట్టాడని పత్రికలో రాయించాడు. "జవాబు చెప్పు నాన్నా, ఈ ఒక్కసారికి," అంది అమ్మాయి. చెప్పాను. ఇదే ఆ జవాబు. అక్షరాలు వంకరగా ఉంటే అమ్మాయే దిద్దింది.

ఇది చదివి కొందరు ఆ పిండిమర ఎక్కడుందా అని వెతుకుతారు. నాకు తెలుసు మీ సంగతి. వెతకండి. ఆవిడది పిండిమర కాదు. పగిలింది బాయిలరు కాదు. కొడుకో కూతురో మీకు అనవసరం. ఆవిడ నవ్వింది మాత్రం నిజం, నేను రేకుపనివాణ్ణన్నది నిజం. అతుకు ఎక్కడుందో చేత్తో తడిమినా తెలియకుండా మాటు వెయ్యడం నా పని.